కిడ్నీ జబ్బుల జన్యు పరిశోధనలో దిగుతున్న అమ్మాయికి

తిరుపతి

అమ్మాయికి ఆశీస్సులు.

ఇక్కడి స్విమ్స్ ఆసుపత్రిలో నెఫ్రాలజీ (కిడ్నీ వైద్య) విభాగం రోగుల మీద జన్యు పరిశోధన మొదలుపెడుతున్నావని తెలిసి చాలా సంతోషమైంది. సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాల వరుస చదవడం) సంగతి తర్వాత, ముందు వంశవృక్షం సరిగా గీయడం నేర్చుకో.

"మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బుందా?" అని అడిగితే లేదనే చెబుతారు. ఒక్కొక్కరి పేరూ ఎత్తి అడుగు. మేనమామకు డయాలసిస్ చేశారా? పెద్దన్నకు మూత్రం ఎర్రగా వచ్చేదా? చిన్న వయసులోనే చెవుడొచ్చిందా? మూత్రంలో రక్తం, చెవుడు ఒకే ఇంట్లో కనిపిస్తే ఆల్‌పోర్ట్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య కిడ్నీ జబ్బును అనుమానించాలి. ఆపైన "పెళ్లికి ముందు మీ ఆయన మీకు వరసకి ఏమయ్యేవారు?" అని తప్పకుండా అడుగు. మన చిత్తూరు వైపు మేనరికాలు, అక్క కూతుర్ని చేసుకోవడం మామూలే కదా. అలాంటి జంట మధ్య రెండు గీతలు గీయి. మేనమామే మామగారైన చోట ఆయన్ను ఇద్దరు మనుషులుగా గీస్తే లెక్కంతా తప్పుతుంది. తల్లిదండ్రులకు లేని జబ్బు పిల్లలకు వస్తే, ఈ ఇళ్లలో ఎన్‌పీహెచ్‌పీ1, ఎన్‌పీహెచ్‌ఎస్2 లాంటి అంతర్గత జబ్బుల జన్యువులను (తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ చెడితేనే జబ్బు తెచ్చేవి) ముందు చూడు.

డయాలసిస్ రోగి రక్తం హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఎక్కించక ముందే, డయాలసిస్ సిబ్బంది వేసిన సూది నుంచే తీసుకో. హెపారిన్ కలిస్తే పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను లెక్కలేనన్ని నకళ్లుగా పెంచే పద్ధతి) దెబ్బతింటుంది. ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో ధమనినీ సిరనూ కలిపిన చోటు) ఉన్న చేతికి విడిగా సూది గుచ్చొద్దు, రోగి ప్రాణం ఆ చేతిలో ఉంది. ఊదారంగు మూత ఉన్న, రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో 3 మిల్లీలీటర్లు చాలు. మెల్లగా 8 నుంచి 10 సార్లు తలకిందులు చేయి, గిలక్కొట్టకు. పల్లెల నుంచి తెచ్చేటప్పుడు ఐసుపెట్టెలో పెట్టు, కానీ ట్యూబు ఐసుకు ఆనకూడదు. 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉంచి వారంలోపు ఆ రక్తం నుంచి డీఎన్‌ఏను వేరుచేయి. డీఎన్‌ఏ శుద్ధిని చెప్పే 260/280 నిష్పత్తి (ఆ రెండు నానోమీటర్ల కాంతిని అది పీల్చుకునే తీరు) 1.8 దగ్గరుండాలి, బాగా తగ్గితే ప్రొటీను మిగిలినట్టే.

కిడ్నీల్లో నీటితిత్తులు పెరిగే జబ్బుతో జాగ్రత్త. దాన్ని తెచ్చే పీకేడీ1 జన్యువుకు అదే 16వ క్రోమోజోము మీద ఆరు నకిలీలున్నాయి, మొదటి 33 ఎక్సాన్లకు (ప్రొటీను తయారీకి పనికొచ్చే జన్యు ముక్కలకు) దాదాపు నకళ్లే. మామూలు ఎక్సోమ్ పరీక్షలో (అన్ని జన్యువుల ఎక్సాన్లనూ ఒకేసారి చదివేది) కనిపించిన మార్పు అసలుదో నకిలీదో తేలదు. పొడవాటి ముక్కలను పెంచే లాంగ్ రేంజ్ పీసీఆర్‌తో అసలు జన్యువునే పెంచి, సాంగర్ సీక్వెన్సింగ్‌తో (ఒక్కో ముక్కనూ విడిగా చదివే పద్ధతి) సరిచూడు.

సమ్మతి పత్రం తెలుగులో చదివి వినిపించు. ఆ తిత్తుల ఇంట్లో తమ్ముడో చెల్లెలో కిడ్నీ ఇస్తామని ముందుకొస్తే, 40 ఏళ్లలోపు వాళ్ల అల్ట్రాసౌండ్ స్కాన్ బాగుందని సరిపెట్టుకోవద్దు, జన్యు పరీక్ష కావాలి. పరిశోధన ల్యాబు ఫలితం నేరుగా వాళ్ల చేతికివ్వకు. కొత్తగా రక్తం తీసి, గుర్తింపున్న డయాగ్నస్టిక్ ల్యాబులో మళ్లీ చేయించాకే నెఫ్రాలజిస్టు నోటితో చెప్పించు.