అమ్మానాన్నలతో బ్యాంకాక్ రెండు రోజులు: సింగపూర్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి

శుక్రవారం సాయంత్రం బయల్దేరి ఆదివారం రాత్రికి తిరిగి రావాలి, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నారు, బ్యాంకాక్ వెళ్ళొచ్చా? సింగపూర్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. నిక్షేపంగా వెళ్ళొచ్చు. విమానంలో రెండున్నర గంటలు కూడా పట్టదు. అయితే అక్కడి ట్రాఫిక్ మాత్రం మామూలుది కాదు. ఏమేం చూడాలో రాసుకునే ముందు, ఏ రైలు స్టేషన్ పక్కన దిగుతారో తేల్చుకోండి. రెండు రోజుల ప్రయాణం బాగా సాగడం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు కాగితాల సంగతి. మీ వర్క్ పాస్ ఇంకా ఐపీఏ (సూత్రప్రాయ అనుమతి పత్రం) దశలోనే ఉంటే, అసలు పాస్ వచ్చేదాకా సింగపూర్ దాటకండి. అమ్మానాన్నల సింగపూర్ వీసా మళ్ళీ లోపలికి రానిచ్చేదో కాదో చూసుకోండి. సింగిల్ ఎంట్రీ అని బ్యాంకాక్‌లో తెలిస్తే ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. మన పాస్‌పోర్టుకి థాయ్ వీసా నిబంధనలు ఈమధ్య మారుతూ వస్తున్నాయి కాబట్టి, టికెట్ కొనే రోజునే ఎంబసీ సైట్ చూడండి. థాయ్‌లాండ్‌కి 2025 మే నుంచి ఆన్‌లైన్ అరైవల్ కార్డ్ తప్పనిసరి. వెళ్ళే ముందు మూడు రోజుల్లోపు నింపాలి, దానికి పైసా కట్టనక్కర్లేదు. డబ్బు అడిగిన సైట్ ప్రభుత్వానిది కాదని గుర్తు. తిరిగి వచ్చేటప్పుడు సింగపూర్ అరైవల్ కార్డ్ కూడా అలాగే ఉచితంగా నింపాలి.

బ్యాంకాక్‌కి రెండు విమానాశ్రయాలు ఉన్నాయి: సువర్ణభూమి, డాన్ మువాంగ్. మీ టికెట్ ఎక్కడికో చూసుకోండి. సువర్ణభూమిలో దిగితే కింది అంతస్తులోనే రైలు ఉంది. దాదాపు అరగంటలో ఫయా థాయ్ స్టేషన్ చేరుస్తుంది, టికెట్ 45 థాయ్ బాట్లు. అక్కడే స్కైట్రైన్‌కి (ఊళ్ళో వంతెనల మీద నడిచే మెట్రో) మారొచ్చు. మొదటిసారి నేను పిల్లలు అలిసిపోయారని శుక్రవారం సాయంత్రం టాక్సీ ఎక్కాను. హోటల్ చేరేసరికి రెండు గంటలు దాటింది, పిల్లలు అన్నం తినకుండానే పడుకున్నారు. అప్పటి నుంచి ఎంత సామాను ఉన్నా రైలే.

శనివారం అంతా నదికి ఇచ్చేయండి. స్కైట్రైన్‌లో సఫాన్ తాక్సిన్ దిగితే కిందే పడవల రేవు. అక్కడ పడవ ఎక్కి తా చాంగ్ రేవులో దిగితే గ్రాండ్ ప్యాలెస్ నడిచేంత దూరమే. గేటు 8.30కి తెరుస్తారు, ఆ టైముకే అక్కడ ఉండండి. పది దాటితే ఎండా, జనం రెండూ పెద్దవాళ్ళు తట్టుకోలేరు. టికెట్ 500 బాట్లు. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి. చీర, సల్వార్ అయితే ఏ ఇబ్బందీ లేదు, నిక్కర్లు వేసుకొచ్చిన కుర్రాళ్ళని ఆపేస్తారు.

లోపల మరకత బుద్ధుడి గుడి చూసి చాలామంది వెనక్కి తిరిగేస్తారు. దయచేసి అలా చేయకండి. గుడి చుట్టూ ఉన్న మండపం గోడల మీద రామాయణం మొత్తం 178 చిత్రాల్లో ఉంది. వాళ్ళు దాన్ని రామకియన్ అంటారు. ఉత్తరం వైపు నుంచి మొదలుపెట్టి ప్రదక్షిణంగా తిరిగితే కథ వరసగా నడుస్తుంది. దశకంఠుడు అక్కడ తోసకన్, ఆకుపచ్చ ముఖం. ఒక గోడ మీద హనుమంతుడు కొండంత పెరిగి, రాముడున్న మందిరాన్ని నోట్లో పెట్టుకుని కాపలా కాస్తుంటాడు. అది మన మైరావణుడి కథే! మన దగ్గర తోకతో కోట కడతాడు, ఇక్కడ నోట్లోనే దాచుకుంటాడు. మా అమ్మ ఆ గోడ ముందు ఆగిపోయి, "మత్స్యవల్లభుడు ఉండాలే" అంటూ వెతికింది. పాతాళానికి వెళ్ళే దారిలో చేప తోక ఉన్న కోతిపిల్లని, అదే హనుమంతుడి కొడుకుని, తనే చూపించింది. అరగంట పాటు కదల్లేదు. ఆ అరగంట కోసమే మళ్ళీ వెళ్ళినా నాకు ఇష్టమే.

ప్యాలెస్ లోపలికి వెళ్ళే ముందు, శుభ్రమైన బట్టలేసుకున్న పెద్దమనిషి ఎవరైనా "ఈరోజు ప్యాలెస్ మూసేశారు, వేరే గుడి చూపిస్తా" అంటే ఆగకండి. అతను ఎక్కించే ఆటో రత్నాల కొట్టు దగ్గర ఆగుతుంది. ప్యాలెస్ పక్కనే వాట్ ఫో గుడిలో 46 మీటర్ల శయన బుద్ధుడు ఉన్నాడు, అక్కడి నుంచి చిన్న పడవలో నది దాటితే వాట్ అరుణ్ గుడి. దాని మెట్లు చాలా నిటారు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని కిందే నీడలో కూర్చోబెట్టండి.

శాకాహారులకి ఒక మాట. అన్నీ కూరగాయలే అయినా చేపల సాస్, ఆయిస్టర్ సాస్ పడుతుంది. "మై సై నామ్ ప్లా" అంటే చేపల సాస్ వేయొద్దని. పసుపు జెండా మీద ఎర్రక్షరాల్లో "జే" గుర్తు ఉన్న కొట్లలో మాంసం, చేపలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు.

ఆదివారం పొద్దున్నే సీలోమ్ ప్రాంతంలో తమిళులు కట్టిన మారియమ్మన్ గుడికి వెళ్ళండి. థాయ్‌వాళ్ళు కూడా పూలదండలతో వస్తారు. తర్వాత చతుచక్ సంత, ఎండ ముదిరేలోపు. సాయంత్రం విమానానికి మూడు గంటల ముందే రైలెక్కేయండి. సువర్ణభూమిలో క్షీరసాగర మథనం విగ్రహం ఉంటుంది, వాసుకిని లాగుతున్న దేవతలు ఒక పక్క, రాక్షసులు ఒక పక్క. అది మీ దారిలో పడితే, అమ్మానాన్నల ఫోటో అక్కడ తీయడానికి పది నిమిషాలు ఉంచుకోండి.