పడమటి గది వేడి: థర్మోకోల్ వద్దండీ

అమలాపురంలో మీ మేడ పడమటి గది రాత్రి పదింటికి కూడా కాలిపోతోంది, లోపల థర్మోకోల్ షీట్లు వేయించనా అన్నారు. ఆగండి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ మధ్యాహ్నం తాగిన ఎండని గంటల తర్వాత లోపలికి వదులుతుంది. కాబట్టి ఎండని బయటే ఆపాలి. పైగా మన కోనసీమ చెమ్మకి షీట్ల వెనక బూజు పట్టేస్తుంది.

మేం మా పడమటి గోడకి బయట జానెడు ఎడంగా జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపుల ఫ్రేము కట్టించి కొబ్బరాకు తడకలు దించాం. మధ్యలో గాలి ఆడాలి, గోడకి అంటించేస్తే అంత లాభం ఉండదు. సాయంత్రం గోడ మీద చెయ్యి ఆనిస్తే తేడా తెలిసింది. సాయంత్రపు ఎండ ఏటవాలుగా వస్తుంది కదా, కిటికీకి సన్‌షేడ్ ఒక్కటే సరిపోదు, దాని ముందూ తడక ఉండాలి. తడకలు కట్టించే ముందే గోడ పగుళ్లు పూడ్పించి తెల్ల సున్నం వేయించండి. తుఫాను కబురొస్తే విప్పేసేలా తడకలకి హుక్కులు పెట్టించడం మాత్రం మర్చిపోకండి.