రెండు రోజుల్లో యాక్సెప్టెన్స్!

ప్రశ్న: మాది అనంతపురం, బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. శనివారం రాత్రి ఒక ఇంటర్నేషనల్ జర్నల్‌కి పేపర్ పంపితే సోమవారం పొద్దున్నే యాక్సెప్టెన్స్ వచ్చేసింది. తొమ్మిది వేలు కడితే ఈ నెలలోనే వేస్తారట. ఐఎస్ఎస్ఎన్ ఉంది, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7 అని రాసుకున్నారు. గైడ్‌గారేమో కట్టేయమ్మా అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక రీసెర్చ్ స్కాలర్, మారతహళ్లి

జవాబు: కట్టకండి. ఒక్క ప్రశ్న, ఒక్క సవరణ కూడా అడగకుండా ఆదివారం దాటేసరికి ఓకే అన్నారంటే మీ పేపర్ ఎవరూ చదవలేదనే. ఫీజు అడగడం తప్పని కాదు, అందరూ ఉచితంగా చదువుకునేలా వేసే మంచి జర్నల్స్‌లో కూడా చాలావాటికి ఫీజుంటుంది, కాకపోతే అక్కడ ముందు రివ్యూయర్లు, అంటే అదే సబ్జెక్టు నిపుణులు, మీ పేపర్‌ని పీకి పందిరేస్తారు, ఆ తర్వాతే డబ్బు మాట. 2013లో జాన్ బొహానన్ అనే సైన్స్ జర్నలిస్టు కావాలనే తప్పులు పెట్టి ఒక దొంగ పేపర్ తయారుచేసి 304 జర్నల్స్‌కి పంపితే 157 సై అన్నాయి!

ఐఎస్ఎస్ఎన్ పత్రికకిచ్చే నంబరు, అంతే, నాణ్యతతో దానికి సంబంధం లేదు. ఇంపాక్ట్ ఫ్యాక్టరంటే ఆ జర్నల్ పేపర్లని మిగతావాళ్లు సగటున ఎన్నిసార్లు ప్రస్తావించారనే లెక్క, అసలుది ఇచ్చేది క్లారివేట్ సంస్థ. గ్లోబల్ అనో యూనివర్సల్ అనో ముందు తోక తగిలించుకున్నవి వేరే సరుకు. మనవాళ్లేం తక్కువ తినలేదు లెండి: రివ్యూ గురించీ ఫీజుల గురించీ రచయితల్ని మోసపుచ్చారని 2019లో అమెరికా కోర్టు హైదరాబాద్‌లోని జర్నల్స్ కంపెనీ ఓమిక్స్‌ని 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

గైడ్‌గారితో వాదనకు దిగొద్దు. ఆ జర్నల్ ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ఇద్దరు ప్రొఫెసర్లకు, వాళ్ల యూనివర్సిటీ సైట్లో ఉన్న అడ్రసుకే, మీరు నిజంగా ఈ బోర్డులో ఉన్నారా అని మెయిల్ పెట్టి, జవాబొస్తే ఆయనకు చూపించండి. పేపర్ లేకపోతే థీసిస్ ఆగిపోతుందని టెన్షనా? యూజీసీ 2022 నిబంధనల్లో ఆ షరతు తీసేసింది, మీ యూనివర్సిటీ ఇంకా అడుగుతోందేమో ఒకసారి చూసుకోండి.

కాపీరైట్ ఫారం మీద సంతకం పెట్టకుండా, పేపర్ వెనక్కి తీసుకుంటున్నానని ఇవాళే మెయిల్ కొట్టండి. విత్‌డ్రాయల్ ఫీజు అని బెదిరిస్తారు, ఆ పైసా కూడా ఇవ్వొద్దు. మెయిల్స్ మాత్రం దాచిపెట్టుకోండి, రేపు వాళ్లే అడగకుండా వేసేస్తే మీ చేతిలో ఉండే రుజువు అదే.