చుక్కలు కలిశాయి, బండి మాత్రం స్టార్ట్ అవ్వదు

ప్రశ్న: అంకుల్ గారూ నమస్తే. మా నాన్నగారి అంబాసిడర్, 1978 మోడల్ మార్క్ 3, పెట్రోలుది. చాలా ఏళ్లు షెడ్డులో పడుంటే ఇంజన్ మొత్తం దింపి బోరింగు, కొత్త పిస్టన్లు, రింగులు, హెడ్డు పని అన్నీ చేయించాను, బిగించింది మాత్రం నేనే, మా మెకానిక్ పక్కనుండి చెప్పాడు. టైమింగ్ చైన్ (క్రాంకు షాఫ్ట్ నుంచి వాల్వులు తెరిచే కామ్ షాఫ్ట్‌ని తిప్పే గొలుసు) కొత్తది వేసి క్రాంకు, కామ్ రెండు చక్రాల మీద చుక్కలూ ఎదురెదురుగా పెట్టాను. సెల్ఫ్ కొడితే కార్బొరేటర్‌లోంచి ఢామ్మని పేలుతోంది తప్ప స్టార్ట్ అవ్వదు. ముందు కవరు మూడుసార్లు విప్పి చూశా, చుక్కలు బాగానే ఉన్నాయి. మెకానిక్ ఏమో కామ్ చక్రం ఒక పన్ను జరిపి చూద్దాం అంటున్నాడు. జరపమంటారా?
- ఒక పాఠకుడు, తణుకు

జవాబు: వద్దు బాబూ, చైన్ జోలికి పోవద్దు. మూడుసార్లు విప్పి మూడుసార్లూ చుక్కలు కలిశాయంటే చైన్ కరెక్టుగా ఉన్నట్టే. ఇప్పుడు ఒక పన్ను జరిపితే ఉన్న తప్పు అలాగే ఉంటుంది, దానికి తోడు ఇంకో తప్పు చేరుతుంది, ఆ తర్వాత ఏది దేనివల్లో ఎవరికీ అంతు చిక్కదు.

అసలు గొడవ ఎక్కడుందంటే, క్రాంకు రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది, అందుకే కామ్ చక్రానికి పళ్లు రెట్టింపు. అంటే ఒకటో పిస్టన్ పైకి రెండుసార్లు వస్తుంది, ఒకసారి కంప్రెషన్‌లో (పెట్రోలు గాలిని నొక్కుతూ), ఇంకోసారి పొగ బయటికి తోసేసి. పైగా ఒకటీ నాలుగూ కలిసే పైకొస్తాయి. చుక్కలు ఎదురెదురుగా ఉన్నాయంటే ఆ రెండు పిస్టన్లూ పైనున్నాయని మాత్రమే అర్థం, మంట ఎందులో పడాలో చుక్క చెప్పదు! మీరు చుక్కలు కలవగానే "ఇదే ఒకటో నంబరు ఫైరింగ్" అనుకుని డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంపేది) డ్రైవు దాని లెక్కలో పెట్టి ఉంటారు, అది సరిగ్గా అర చుట్టు తిరిగి కూర్చుంది. దాంతో ఇన్‌లెట్ వాల్వు తెరుచుకునే టైముకి ప్లగ్గులో నిప్పు పడుతోంది, కార్బొరేటర్‌లోంచి పేలకేం చేస్తుంది.

ఇక్కడ అందరూ ఒక మాట అంటారు, "డిస్ట్రిబ్యూటర్ ఒక్క రకంగానే కూర్చుంటుంది సార్, తప్పే చాన్సే లేదు" అని. నిజమే, దాని కింద నాలిక మధ్యలో కాకుండా కొంచెం పక్కకి ఉంటుంది కాబట్టి అది తిరగేసి పట్టదు. కానీ దాని కిందున్న డ్రైవు గేరు, కామ్ షాఫ్ట్ వల్ల తిరిగే గేరు, అది ఎటైనా దిగుతుంది. నేను ఆటోనగర్‌లో పని నేర్చుకునే రోజుల్లో ఇదే తప్పు చేసి రాత్రి పదకొండు దాకా కవరు విప్పడం బిగించడం చేస్తే మా మేస్త్రి బీడీ కాలుస్తూ చూసి చూసి చివరికి వచ్చి రెండు జతల వైర్లు మార్చి స్టార్ట్ చేశాడు, ముందే చెప్పొచ్చు కదా అంటే చెప్తే గుర్తుండదురా అన్నాడు.

మీరూ అదే చేయండి ముందు. ఫైరింగ్ ఆర్డరు, అంటే సిలిండర్లలో నిప్పు పడే వరుస, 1-3-4-2. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మీద ఒకటో వైరు నాలుగో దాంట్లో, నాలుగోది ఒకటో దాంట్లో, అలాగే రెండు మూడు కూడా అటూ ఇటూ మార్చండి. ఇంకేదీ ముట్టుకోవద్దు. సెల్ఫ్ కొట్టండి. స్టార్ట్ అయిందా, దొంగ దొరికాడు. కొన్ని షెడ్లలో వైర్లు అలాగే వదిలేస్తారు, బండికేం కాదు నడుస్తుంది కానీ రేపు ఇంకో మెకానిక్ పుస్తకం చూసి వైర్లు సరిచేశాడా మళ్లీ మొదటికే, మిమ్మల్నే తిట్టుకుంటాడు. అందుకని తీరిగ్గా డ్రైవు గేరు తీసి సరిగ్గా పెట్టుకోండి. రాకర్ కవరు తీసి ప్లగ్గులు ఊడదీసి హ్యాండిల్‌తో నెమ్మదిగా తిప్పండి. నాలుగో సిలిండర్‌లో ఎగ్జాస్ట్ వాల్వు మూసుకుంటూ ఇన్‌లెట్ తెరుచుకోబోయే చోట ఆపండి, రెండు రాకర్లూ (వాల్వుల్ని నొక్కే మీటలు) ఊగినట్టు తెలుస్తుంది. పుల్లీ మీద గాడి కవరు మీదున్న టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైనుండే చోటు) గుర్తుకి కలపండి. అప్పుడు ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో పైనున్నట్టు, డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటరు ఒకటో వైరు వైపు చూడాలి. నమ్మకం కుదరకపోతే తిప్పేటప్పుడు ఒకటో ప్లగ్గు బొక్కలో వేలు పెట్టండి, గాలి వేలిని తోస్తుంది.

చైన్ నిజంగా తప్పితే ఎలా ఉంటుందో కూడా చెప్తా. 720ని మీ కామ్ చక్రం పళ్ల సంఖ్యతో భాగించండి, 36 పళ్లయితే ఒక పన్నుకి క్రాంకు లెక్కలో 20 డిగ్రీలు తేడా. అంత తేడాకి పికప్ చచ్చిపోతుంది, వేడెక్కుతుంది, కంప్రెషన్ నాలుగింటిలో ఒకేలా మారుతుంది, కానీ చాలావరకు ఎలాగోలా స్టార్ట్ అయితే అవుతుంది. ఇప్పటి ఓవర్‌హెడ్ కామ్ (కామ్ షాఫ్ట్ హెడ్డులోనే ఉండే) ఇంజన్లలో చాలావాటికైతే చైన్ బాగా తప్పితే వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగిపోవచ్చు.

ఎలాగూ మూడుసార్లు కవరు విప్పారు కాబట్టి ఇవీ చూశారో లేదో గుర్తు చేసుకోండి. చైన్‌నీ రెండు చక్రాల్నీ బల్ల మీదే చుక్కలు కలిపి, మూడూ ఒక సెట్టుగా తీసుకెళ్లి ఒకేసారి షాఫ్టుల మీదికి తొయ్యాలి, క్రాంకు కీ (చక్రాన్ని షాఫ్టుకి పట్టి ఉంచే ముక్క) పైకి గడియారంలో పన్నెండు దగ్గర, కామ్ కీ దాదాపు ఒంటిగంట దగ్గర. కీ కుదరకపోతే కామ్ షాఫ్ట్‌ని తిప్పాలి, చైన్ మీద చక్రాన్ని జరపకూడదు. రెండు చక్రాలూ ఒకే లెవెల్లో ఉన్నాయా అని స్కేలు ఆనించి చూడాలి, తేడా ఉంటే క్రాంకు చక్రం వెనక షిమ్ములు (పల్చటి రేకు వాషర్లు) వేస్తారు, పాతవి పారేసి ఉంటే వెతికి తెచ్చుకోండి, చైన్ వంకరగా పరిగెడితే కొత్త చైన్ కూడా త్వరగా అరుగుతుంది. ఆయిల్ త్రోయర్ రేకు మీద ఎఫ్ అని ఉంటే అది ముందువైపు. కవరు బోల్టులు లూజుగా పెట్టి పుల్లీ ఎక్కించాకే టైటు చెయ్యండి, లేకపోతే సీలు ఒక పక్కకి పడి ఆయిల్ కారుతుంది, అప్పుడు సీలు నాసిరకం అని షాపువాడితో గొడవ పడతారు.

ప్రశ్న: అన్నా, వ్యాగన్ ఆర్ కే10 ఇంజన్, నేనే ఓవర్‌హాల్ చేశిన. చైన్ మీద రంగు లింకులు చక్రాల గుర్తులకి పెట్టి బిగించిన, తర్వాత చేత్తో రెండు చుట్లు తిప్పితే రంగు లింకులు ఎక్కడో పోయినయ్. మళ్ల విప్పాల్నా?
- ఖమ్మం నుంచి ఒక తమ్ముడు

జవాబు: విప్పొద్దు తమ్ముడూ. రంగు లింకులు మొదటిసారి పెట్టేటప్పుడు మాత్రమే పనికొస్తాయి. చైన్‌లో లింకులు చక్రం పళ్లకంటే చాలా ఎక్కువ కదా, అదే లింకు మళ్లీ అదే పన్ను మీదికి రావాలంటే ఎన్నో చుట్లు తిరగాలి. రెండు చుట్ల తర్వాత నువ్వు చూడాల్సింది చక్రాల మీద గుర్తులు మొదట ఉన్న చోటికి వచ్చాయా లేదా అన్నదే. వచ్చాయా, అయిపోయింది. ఇంజన్ తిరిగే వైపే తిప్పు, ఎక్కడైనా గట్టిగా తగిలినట్టు అనిపిస్తే బలం పెట్టకుండా అక్కడే ఆపు, అది వాల్వు పిస్టన్‌కి తగలడం కావచ్చు. ఇంకోటి, చైన్ వదులు మొత్తం టెన్షనర్ (చైన్‌ని బిగువుగా పట్టేది) వైపే ఉండాలి, ఎదురు వైపు వదులు మిగిలితే టెన్షనర్ పిన్ను తీయగానే అది లాక్కుని కామ్‌లు జరిగిపోతాయి, నువ్వు పెట్టిన గుర్తులు వేస్టు. పిన్ను తీయడం మర్చిపోయి కవరు మూసేసిన వాళ్లని కూడా చూశా, అందుకే అడుగుతున్నా, తీశావా?

ప్రశ్న: లక్ష కిలోమీటర్లు దాటింది కాబట్టి టైమింగ్ చైన్ మార్చాలంటున్నారు షెడ్డులో. నిజమేనాండీ?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అది బెల్టు బండ్ల లెక్కమ్మా, రబ్బరు బెల్టుకైతే గడువు ఉంటుంది. చైన్‌కి మామూలుగా కిలోమీటర్ల గడువు పెట్టరు, మీ బండి పుస్తకంలో ఒకసారి చూడండి, అందులో రాసి ఉంటే మార్చండి, లేకపోతే చప్పుడు వినండి. పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమని ఆగిపోతే అది ఆయిల్ ప్రెషర్ ఎక్కేదాకా వచ్చేది కావచ్చు, కంగారు పడక్కర్లేదు కానీ రోజూ వస్తుంటే ఒకసారి చూపించండి. ఇంజన్ వేడెక్కాక కూడా ముందువైపు గొలుసు ఈడ్చినట్టు చప్పుడుంటే అప్పుడు చైనూ టెన్షనరూ గైడులూ మూడూ కలిపి మార్పించండి, ఒక్క చైనే మార్చి పాత టెన్షనర్ ఉంచుతానంటే ఒప్పుకోవద్దు. చైన్ ఎంతకాలం వస్తుందన్నది ఆయిల్ మీద కూడా ఉంటుంది, అది ఎన్నాళ్లకి మారుస్తున్నారో మీరు రాయలేదు.