రాజీనామా మెయిల్ ఇంకొన్నాళ్లు డ్రాఫ్ట్‌లోనే ఉండనివ్వండి

ప్రశ్న: నా వయసు 34. పదేళ్లుగా ఒక కంపెనీలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. జీతం టైముకి వస్తుంది, ఉద్యోగం పోతుందన్న భయం లేదు. కానీ పొద్దున లేచి ఆఫీసుకు బయల్దేరాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. కొత్త బాస్ వచ్చాక మరీను. ఏం చేసినా తప్పు పడతాడు, మీటింగులో అందరి ముందూ మాటలంటాడు. నాలుగేళ్ల కిందట సరదాగా చెక్కపని నేర్చుకున్నాను. స్టూళ్లు, చిన్న బల్లలు, పుస్తకాల అరలు చేస్తుంటాను. ఆ పనిలో పడితే ఆకలి కూడా తెలియదు. ఇప్పటిదాకా స్నేహితులకు తొమ్మిది వస్తువులు చేసిచ్చాను, అందరూ మెచ్చుకున్నారు. ఉద్యోగం మానేసి దీన్నే వృత్తిగా చేసుకోవాలని ఉంది. నాలుగేళ్ల పాప ఉంది, ఇంటి లోను ఉంది. మా ఆవిడ 'మీ ఇష్టం' అంది. 'రెండు పడవల మీద కాళ్లు పెట్టకు, ఏదో ఒకటి తేల్చుకో' అంటున్నాడు స్నేహితుడు. రాజీనామా మెయిల్ రాసి మూడు వారాలుగా డ్రాఫ్ట్‌లో ఉంచాను. పంపమంటారా?

జవాబు: ఇప్పుడే పంపకండి.

మీ ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం గానీ నేను మొత్తం రెండుసార్లు చదివాను. అందులో రెండున్నర పేజీలు మీ బాస్ గురించే. ఏ రోజు ఏమన్నాడో, పక్కసీటాయన ఎలా నవ్వాడో, అన్నీ వరసగా ఉన్నాయి. చెక్కపని గురించి రాసింది అరపేజీ. ఆ అరపేజీ మాత్రం చాలా బాగుంది. మేకు లేకుండా రెండు చెక్కల్ని కలిపే చోట ఉలితో వెంట్రుకవాసి తీయడం, దూర్చి చూడడం, మళ్లీ తీయడం, చివరికి అరచేత్తో నొక్కితే టప్‌మని కూర్చోవడం, ఆ చప్పుడు కోసం ఆదివారమంతా గడిపేయడం. ఇష్టం లేనివాళ్లు ఇలా రాయలేరు. కాబట్టి మీ ఇష్టాన్ని నేను శంకించడం లేదు. రాజీనామా మెయిల్ రాయించింది ఆ ఇష్టమేనా, లేక బాస్ మీద కోపమా అన్నదే నా అనుమానం.

ఒకసారి ఊహించుకోండి. రేపు పొద్దున ఆ బాస్‌కి బదిలీ అయింది, ఆయన స్థానంలో మర్యాదస్తుడొకరు వచ్చారు. అప్పుడూ ఆ మెయిల్ పంపాలనే అనిపిస్తుందా? 'అబ్బ, ఇక కొన్నాళ్లు చూద్దాం' అనిపిస్తే మీకు కావలసింది వేరే బాస్, లేదా వేరే విభాగం, లేదా వేరే కంపెనీ. దానికి మందు ఉలి కాదు. ఆ సంగతి చూసుకోవడానికి ఎక్కువ కాలం ఆగక్కర్లేదు కూడా. విభాగం మార్పు ఈ నెలలోనే అడగొచ్చు, రెజ్యూమె ఈ వారమే దుమ్ము దులపొచ్చు. ఆదివారం సాయంత్రం నుంచే నిద్ర పట్టకపోవడం, గుండె దడ లాంటివి ఉంటే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించుకోండి. ఆ స్థితిలో తీసుకునే నిర్ణయం ఏదైనా పారిపోవడానికే అవుతుంది.

బాస్ లేకపోయినా చెక్కే కావాలి అనిపించిందనుకుందాం. అప్పుడు అసలు కథ మొదలవుతుంది.

మీరు చేసిన తొమ్మిది వస్తువులూ స్నేహితులకే వెళ్లాయి. కొయ్య ఖర్చు తప్ప ఎవరి దగ్గరా తీసుకోలేదని రాశారు. అంటే బేరమాడినవాళ్లు లేరు, 'మంగళవారానికి ఇస్తానన్నారుగా' అని నాలుగుసార్లు ఫోన్ చేసినవాళ్లు లేరు, రంగు నచ్చలేదని వెనక్కి పంపినవాళ్లూ లేరు. మీరు ప్రేమిస్తున్నది డబ్బు వాసన తగలని చెక్కపనిని. తగిలాక అది ఎలా ఉంటుందో మీకింకా తెలియదు. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల్ని తీసుకుని, కొందరికి బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, ఆ పిల్లలు తమంతట తాము బొమ్మలు వేసే సమయం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లల్లో అలా జరగలేదు. పెద్దవాళ్లందరికీ ఇలాగే అవుతుందని కాదు. ఇష్టమైన పనికి ప్రతిఫలం ముడిపడితే ఇష్టం రంగు మారే వీలుంది, అంతే.

నా దగ్గరికి వచ్చిన ఒక ఫోటోగ్రాఫర్ గుర్తొస్తున్నాడు. పిట్టల ఫోటోలంటే పిచ్చి, ఆ పిచ్చితోనే ఉద్యోగం వదిలాడు. ఇల్లు గడవడానికి కంపెనీల కేటలాగులకు వస్తువుల ఫోటోలు తీయాల్సి వచ్చింది. తప్పు చేశానని ఆయన ఎప్పుడూ అనలేదు. ఒకరోజు లేవబోతూ, 'పిట్టని చూసి రెండేళ్లయిందండీ' అన్నాడు. ఆ మాట తర్వాత మేమిద్దరం కాసేపు మాట్లాడుకోలేకపోయాం.

నాకు నవ్వొచ్చిన విషయం ఒకటుంది, ఏమీ అనుకోకండి. పదేళ్లుగా లెక్కలు చూస్తున్న మనిషి నాలుగు పేజీల ఉత్తరంలో ఒక్క లెక్కా రాయలేదు. ఒక స్టూలుకి ఎన్ని గంటలు పట్టింది? కోత, చిత్రిక పట్టడం, ఉప్పుకాగితం రుద్దడం, పాలిష్ ఆరేదాకా ఆగడం, అన్నీ కలిపి. కొయ్యకెంత, వృథా పోయిందెంత? ఎంతకి అమ్ముడవుతుంది? అందులోంచి ఖర్చులు తీసేసి గంటలతో భాగిస్తే చేతికి వచ్చేదెంత? వేరే ఎవరైనా ఇలా లెక్కల్లేకుండా వ్యాపారం పెడతానని మీ దగ్గరికొస్తే మీరు ఒప్పుకునేవారా?

అందుకని ఉద్యోగంలో ఉంటూనే ఒక ఏడాది ఈ పనిని పనిలాగా చేసి చూడండి. ముందు మీ నియామక పత్రం తీసి, బయట పని చేసుకోవచ్చో లేదో చదవండి. తర్వాత ముఖపరిచయం కూడా లేనివాళ్ల నుంచి పది ఆర్డర్లు తెచ్చుకోండి. తేదీ చెప్పి ఆ తేదీకే ఇవ్వండి. అడ్వాన్సు అడగడం నేర్చుకోండి, మొహమాటస్తులకు ఉలి పట్టడం కంటే అది కష్టం. ఒకే రకం స్టూలు అయిదు చేయండి. మొదటిది పండగలా ఉంటుంది, రెండోదీ బాగానే ఉంటుంది. నాలుగోది చేసేటప్పుడు మీ మనసు ఎక్కడ తిరుగుతోందో గమనించండి. ఆ నాలుగో స్టూలు దగ్గర కూడా ఆకలి తెలియకపోతే మీరు నిజంగా ఈ పనికే పుట్టారు.

వచ్చే డబ్బు ఇంట్లో వాడకుండా వేరే ఖాతాలో వేయండి. లోను వాయిదాలతో సహా ఏడాది ఇంటిఖర్చు ఆ ఖాతాలో చేరేదాకా, నా మాటగా, మెయిల్ కదలకూడదు. ఆరోగ్య బీమా కంపెనీ ద్వారా ఉంటే ఉద్యోగంతో పాటు అదీ పోవచ్చు. మానేశాక వెతుక్కోకుండా ముందే సొంతంగా ఒకటి తీసుకోండి.

ఇక రెండు పడవల మాట. మీ స్నేహితుడు సామెత సరిగ్గానే చెప్పాడు గానీ ఇక్కడ అది అతకదు. అమెరికాలో వేలమంది ఉద్యోగ జీవితాల్ని 1994 నుంచి 2008 దాకా పరిశీలించిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. ఉద్యోగం చేస్తూనే వ్యాపారం మొదలుపెట్టి, ఆ తర్వాత పూర్తిగా అందులోకి దిగినవాళ్లు మూసేసుకునే అవకాశం, ఒక్కసారిగా మానేసి దిగినవాళ్లకంటే 33 శాతం తక్కువని తేలింది. సంగీతకర్త ఫిలిప్ గ్లాస్ రాసిన ఒపెరా 1976లో న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ ఒపెరా హౌస్‌లో టికెట్లన్నీ అమ్ముడుపోయి ఆడింది. ఆ తర్వాత కూడా ఆయన ట్యాక్సీ నడిపారు. సంగీతం ఒక్కదానితోనే బతకడం మొదలుపెట్టేసరికి ఆయనకు నలభై దాటాయి. తాడో పేడో తేల్చుకోవడం కథల్లో బాగుంటుంది, లోను వాయిదాకి కథలు పట్టవు.

మీ ఆవిడ దగ్గరికి వస్తాను. నాలుగు పేజీల్లో ఆమెకు దక్కింది ఒక్క వాక్యం. 'మీ ఇష్టం' అన్న మాటని పది రకాలుగా అనొచ్చు. సంతోషంతో అనొచ్చు, విసిగిపోయి అనొచ్చు, వద్దంటే జీవితాంతం తన వల్లే ఆగిపోయానంటారన్న భయంతోనూ అనొచ్చు. మీరు విన్నది ఏ రకమో మీ ఉత్తరంలో లేదు. అనుమతి అడగడానికి కాకుండా లెక్కల కాగితంతో ఆమె పక్కన కూర్చోండి. ఆ ఖాతా ఎంతకి పడిపోతే మీరు మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలో ఆ అంకె ఇద్దరూ కలిసి ఇప్పుడే రాసుకోండి. అది రాసి ఉంటే నష్టం వచ్చిన నెలలో ఇంట్లో గొడవ సగం తగ్గుతుంది. ఇంకో మాట కూడా అడగండి, ఆమె దేన్నైనా ఇన్నాళ్లూ వాయిదా వేసుకుందేమో. మీకు నాలుగేళ్లుగా ఆదివారాలు ఖాళీగా దొరికాయంటే పాపని ఎవరో చూసుకుంటూనే ఉన్నారు కదా.

మొదటి ఆర్డరు ఇచ్చాక మళ్లీ రాయండి. ఈసారి బాస్ గురించి వద్దు. ఎన్ని గంటలు పట్టిందో రాయండి చాలు.