ఖర్చుల యాప్ కోసం ఉద్యోగం వదులుకోవచ్చా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. నెల ఖర్చుల లెక్క చూసుకునే మొబైల్ యాప్ ఒకటి సొంతంగా తయారుచేశాను. మూడు నెలల్లో రెండు వేల డౌన్‌లోడ్లు వచ్చాయి. చేతికొచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి పూర్తిగా దీనిమీదే ఉండాలనుకుంటున్నాను. ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: చదువుకుంటూనే యాప్‌ను పూర్తిచేసి, రెండు వేలమంది ఫోన్లలోకి చేర్చారు. అభినందనలు. అయితే నాకు కావలసిన అంకె మీ ఉత్తరంలో లేదు. ఆ రెండు వేలమందిలో నెల దాటాక కూడా యాప్ తెరుస్తున్నవాళ్లు ఎందరు?

ఈ రకం యాప్‌లకు అసలు గండం అక్కడే ఉంది. మొదటి వారం ప్రతి ఖర్చూ రాస్తారు. ఒకటి రెండు రోజులు మరిచిపోతారు, లెక్క కుదరదు, ఇక తెరవాలంటేనే మొహమాటం. దీనికి తోడు, ఖర్చు తగ్గించుకోవాలని వచ్చినవాళ్లనే చందా కట్టమని అడగాలి.

మీ యాప్‌లాగే ఖర్చుల లెక్క చూపించిన మింట్ కథ మీరు తప్పక తెలుసుకోవాలి. అమెరికాలో 2007లో ఉచితంగా మొదలైంది. రెండేళ్లకే ఇంట్యూట్ సంస్థ దాన్ని 17 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. లక్షలాది మంది వాడారు. ఆదాయం మాత్రం వాళ్ల నుంచి కాదు, వాళ్లకు క్రెడిట్ కార్డులు, రుణాలు సూచించినందుకు ఆయా కంపెనీలిచ్చే కమిషన్ నుంచి వచ్చేది. 2020లో ఇంట్యూట్ చేతికి, క్రెడిట్ స్కోరు ఉచితంగా చూపించే క్రెడిట్ కర్మ వచ్చింది. అదీ కమిషన్ మీద నడిచేదే. చివరికి 2024 మార్చిలో మింట్‌ను మూసేశారు. అంత ఆదరణ ఉన్న యాప్ కూడా నిలవలేదు.

నిలబడినవీ ఉన్నాయి. వైనాబ్ (YNAB) అనే బడ్జెట్ యాప్ 2004లో స్ప్రెడ్‌షీట్‌గా పుట్టింది, ఇప్పుడు ఏడాదికి 100 డాలర్లకు పైగా చందా తీసుకుంటోంది. అది పద్దు రాసిపెట్టి ఊరుకోదు, చేతిలో ఉన్న ప్రతి డాలరుకూ ముందే ఒక పని అప్పగించే పద్ధతి నేర్పుతుంది. ట్రూబిల్ ఇంకో దారి పట్టింది: మరిచిపోయిన చందాలను వెతికిపెట్టి, రద్దు చేయించేది. 2021లో ఇళ్ల రుణాల సంస్థ రాకెట్ కంపెనీస్ దాన్ని దాదాపు 127 కోట్ల డాలర్లకు కొని, తర్వాత రాకెట్ మనీ అని పేరు మార్చింది. రెండింటిలోనూ జనం డబ్బిచ్చింది తమకు కనిపించిన ఫలితానికి. మీ యాప్‌లో ఆ ఫలితం ఏది? దీనికి మీ దగ్గర ఒక్క వాక్యంలో జవాబు లేకపోతే, ఉద్యోగం వదలడానికి ఇంకా వేళ కాలేదు.

ఖర్చు సంగతీ చూడండి. బ్యాంకు ఖాతాల వివరాలు తెచ్చిపెట్టే సంస్థలకు సాధారణంగా ఖాతాల సంఖ్యను బట్టి చెల్లించాలి. చందాలో 15 నుంచి 30 శాతం దాకా యాప్ స్టోర్ తీసుకుంటుంది. అంటే ఉచితంగా వాడేవాళ్లు పెరిగేకొద్దీ మీ జేబుకే చిల్లు.

అందుకే ఉద్యోగంలో చేరమనే చెబుతాను, యాప్‌ను మాత్రం వదలొద్దు. ఆరు నెలలు పెట్టుకోండి. యాప్ తీసేసిన పదిమందితో మాట్లాడి ఏ రోజు, ఎందుకు మానేశారో అడగండి. ఒక చిన్న సదుపాయానికి ధర పెట్టి ఎవరు కొంటారో చూడండి. చేరిన ప్రతి వందమందిలో పాతికమంది నెల తర్వాతా ఉండి, వాళ్లలో కొందరైనా డబ్బు కడితే నాకు మళ్లీ రాయండి. అప్పుడు నా సలహా మారుతుంది, ఆ అంకెలు మీ అమ్మానాన్నలకూ చూపించవచ్చు. అలా కాకపోయినా ఈ పరిశీలన వృథా పోదు. చెల్లింపుల కంపెనీల్లో, బ్యాంకుల డిజిటల్ విభాగాల్లో ప్రొడక్ట్ అనలిస్ట్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో ‘జనం ఎక్కడ జారిపోయారు, నేనేం మార్చాను’ అని సొంత అంకెలతో చెప్పగల ఫ్రెషర్లు తక్కువ.

ఒక్క జాగ్రత్త. సంతకం పెట్టేముందు ఉద్యోగ ఒప్పందంలో సొంత ప్రాజెక్టుల గురించి ఏం రాశారో చదవండి. ఉద్యోగంలో ఉండగా రాసిన కోడ్ అంతా కంపెనీదే అనే షరతు కొన్నిచోట్ల ఉంటుంది. అలా ఉంటే, మీ యాప్‌కు మినహాయింపు ఇస్తున్నట్టు హెచ్ఆర్ నుంచి చేరకముందే రాతపూర్వకంగా తీసుకోండి.