హద్దు కింది పొరలోనే పడాలి, అల్లుడూ

చెన్నై

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

కొత్త రౌటర్‌కి వైఫై డ్రైవర్ పని నీ చేతికొచ్చిందని మీ అమ్మ చెప్పింది. మొదలుపెట్టకముందే ఒక మాట. ఏ దేశంలో ఏ ఛానెల్, ఎంత పవర్ అన్న హద్దు ఫర్మ్‌వేర్‌లోనూ (చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్), చిప్ ఓటీపీలోనూ (ఒక్కసారే రాయగలిగే మెమరీ) పడాలి. పై పొరలు దాన్ని బిగించొచ్చు గానీ సడలించకూడదు. లినక్స్‌లో వైఫై నియమాలు చూసే సీఎఫ్‌జీ80211 పద్ధతీ అదే. డ్రైవర్ చెప్పిన దేశం ఒకటి, యూజర్ పెట్టింది ఇంకొకటి అయితే, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదే చెల్లుతుంది.

ముందు పవర్ లెక్క చూడు, చాలామంది బోల్తాపడేది ఇక్కడే. యూరప్‌లో 2.4 గిగాహెర్ట్జ్‌కి 20 డీబీఎం (పవర్ కొలమానం) అన్నది ఈఐఆర్‌పీ, అంటే యాంటెన్నా ఒక దిక్కుకి పెంచే బలం (గెయిన్) కూడా కలుపుకుని గాల్లోకి వెళ్లే పవర్. యాంటెన్నా గెయిన్ 5 డీబీఐ, కేబుల్ నష్టం 1 డీబీ అనుకో, చిప్ దగ్గర నీకు మిగిలేది 16. రెండు చెయిన్లు (ఒకేసారి ప్రసారం చేసే దారులు) ఉంటే ఒక్కోదానికి 13. బీమ్‌ఫార్మింగ్ (సిగ్నల్‌ని ఒకే దిక్కుకి కూడగట్టడం) ఆన్ చేస్తే ఇంకో 3 పోయి 10. క్యాలిబ్రేషన్ తేడా 1.5 డీబీ వరకు ఉంటే అదీ తీసేసి 8.5 పెట్టు. గెయిన్‌ని డ్రైవర్లో ఒకసారి, ఫర్మ్‌వేర్ టేబుల్లో మరోసారి తీస్తే రేంజ్ పడిపోతుంది. అవతలివాళ్లు తీశారులే అని రెండు టీములూ వదిలేస్తే సర్టిఫికేషన్ ల్యాబ్‌లో ఫెయిల్. ఎవరు తీస్తారో ముందే రాసిపెట్టుకోండి. అమెరికాకైతే 2483.5 మెగాహెర్ట్జ్ దాటగానే నిషిద్ధ బ్యాండ్ మొదలవుతుంది, కింద 2390 దగ్గరా అంతే. అందుకని అంచుల్లో ఉన్న 1, 11 ఛానెళ్లు అటు చిందకుండా వాటికి మధ్యవాటికన్నా పవర్ తగ్గించాల్సి వస్తుంది. ఒకే అంకె అన్నింటికీ పెట్టకు.

మన దేశంలో 2018 నోటిఫికేషన్ ప్రకారం 5150 నుంచి 5350, 5470 నుంచి 5875 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్స్ అక్కర్లేదు. మధ్యలో ఉన్న ఖాళీని టేబుల్లో కలిపేయకు. డబ్ల్యూపీసీ (కేంద్రం స్పెక్ట్రమ్ విభాగం) ఇచ్చే ఈటీఏ అనే పరికర అనుమతికి సరళ్ సంచార్ పోర్టల్లోనే అప్లై చేయాలి.

ఇక డీఎఫ్‌ఎస్, అంటే రాడార్లు వాడే 5 గిగాహెర్ట్జ్ ఛానెళ్లలో వాటికి దారివ్వడం. ఛానెల్ వాడేముందు 60 సెకన్లు మౌనంగా వినాలి. రాడార్ కనబడితే 10 సెకన్లలో ఖాళీచేసి, 30 నిమిషాలు అటు చూడకూడదు. యూరప్‌లో 5600 నుంచి 5650 వరకు వాతావరణ రాడార్లున్న చోటు కాబట్టి అక్కడ వినాల్సింది 10 నిమిషాలు. ప్రైమరీ ఛానెల్ 116 కదా, 60 సెకన్లు చాలనుకోకు. 80 మెగాహెర్ట్జ్ వెడల్పు పెడితే అది 128 దాకా పాకుతుంది, 10 నిమిషాలూ ఆగాల్సిందే. టైమర్ లెక్క ఎప్పుడూ మొత్తం వెడల్పు మీద వేయి.

చెన్నైలో నెల రోజులు నడిపాం, ఒక్క రాడారూ రాలేదు అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఇక్కడి పోర్టు దగ్గరి వాతావరణ రాడార్ ఎస్ బ్యాండ్‌ది (5 గిగాహెర్ట్జ్‌కి కింది బ్యాండ్), దాని పల్సులు 5 గిగాహెర్ట్జ్‌లో కనబడవు. సిగ్నల్ జనరేటర్ పెట్టి ప్రతి రకం పల్సూ కొట్టిచూడాలి, అదీ లింకు మీద ట్రాఫిక్ నిండుగా నడుస్తున్నప్పుడు.

అన్నింటికన్నా నాకు భయం ఫర్మ్‌వేర్ క్రాష్ అంటే. వాచ్‌డాగ్ (చిప్ ఆగిపోతే కనిపెట్టే టైమర్) చిప్‌ని లేపుతుంది, లింకు తిరిగొస్తుంది, అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఈలోపు దేశం కోడ్, పవర్ టేబుల్, 30 నిమిషాల నిషేధం అన్నీ చెరిగిపోయి ఉంటాయి. రికవరీ దారిలో ఇవన్నీ మళ్లీ దించాకే ప్రసారం మొదలవ్వాలి. కావాలనే క్రాష్ చేయించి, స్పెక్ట్రమ్ ఎనలైజర్ మీద మొదటి ప్యాకెట్ పవర్ ఎంతో చూడు. సస్పెండ్ నుంచి లేచినప్పుడూ ఇదే పరీక్ష.

బూట్‌లో "రెగ్యులేటరీ.డీబీ లోడ్ ఫెయిల్, ఎర్రర్ -2" అని కనబడితే (దేశాలవారీ నియమాల ఫైల్ దొరకలేదని అర్థం), సీఎఫ్‌జీ80211 కెర్నెల్లోనే కలిసిపోయి, రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ కాకముందే ఫైల్ అడిగిందన్నమాట. మాడ్యూల్‌గా కట్టు, లేదా డీబీనీ దాని పీ7ఎస్ సంతకం ఫైల్‌నీ కెర్నెల్ ఇమేజ్‌లోనే పెట్టు. లేకపోతే డివైస్ 00 వరల్డ్ డొమైన్‌లో (ఏ దేశమో తెలియనప్పటి కనీస నియమాలు) ఉండిపోతుంది, చాలా ఛానెళ్లు నో-ఐఆర్ (మనంతట మనం ప్రసారం మొదలుపెట్టకూడనివి) అయిపోతాయి. అప్పుడు ఎవరో ఒకరు ఆ చెక్ తీసేస్తూ ప్యాచ్ పంపుతారు. దాన్ని మాత్రం మెర్జ్ చేయనివ్వకు.

ఫ్యాక్టరీ టెస్ట్ ఫర్మ్‌వేర్ ఆగకుండా ప్రసారం చేయగలదు, హద్దులేవీ పట్టించుకోదు. అది అమ్మకం ఇమేజ్‌లో ఉండకూడదు. అప్‌డేట్లు సంతకం ఉన్నవే ఎక్కాలి. ల్యాబ్‌కి ఇచ్చిన బైనరీ హాష్‌నీ (ఫైల్ వేలిముద్ర లాంటి అంకె), బాక్సులో వెళ్లే బైనరీ హాష్‌నీ పక్కపక్కన పెట్టి నువ్వే స్వయంగా సరిచూడు.

మీ మావయ్య